అమెరికా ఛార్టర్ స్కూళ్ల విస్తరణ, పేద పిల్లల ప్రవేశాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లోనైనా న్యూజెర్సీలోనైనా, పిల్లల్ని బడిలో వేసే ఈడు రాగానే తెలుగు ఇళ్లలో ఛార్టర్ స్కూళ్ల మాట వస్తుంది. అడిగే సందేహాలు ఏటా దాదాపు ఒకటే. సీటు కోసం చూసే తల్లిదండ్రుల ప్రశ్నలనూ, కొత్త క్యాంపస్ వస్తోందంటే దానివల్ల ఎవరికి మేలని ఆరా తీసేవారి ప్రశ్నలనూ ఇక్కడ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి కాబట్టి, ఒక్క రాష్ట్రానికే చెందిన విషయమైతే ఆ రాష్ట్రం పేరు చెప్పాం.

## ముందుగా తెలియాల్సినవి

ఛార్టర్ స్కూలంటే ప్రైవేటు బడా, ప్రభుత్వ బడా?

ప్రభుత్వ బడే. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది వేరే బోర్డు. మన ఎయిడెడ్ స్కూళ్లు గుర్తొస్తాయి గానీ రెండు తేడాలున్నాయి. ఛార్టర్ అనేది గడువున్న ఒప్పందం. పిల్లల ఫలితాలు, లెక్కల నిర్వహణ బాగా లేకపోతే రద్దవుతుంది. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయాలి. మొదటి చట్టం 1991లో మినెసోటా చేసింది, మొదటి స్కూలు 1992లో సెయింట్ పాల్‌లో తెరిచారు. ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాల్లో ఉన్నాయి. 2021 నాటికే సుమారు 37 లక్షల మంది పిల్లలు వీటిలో చదువుతున్నారు.

ఫీజు నిజంగానే ఉండదా?

ట్యూషన్ ఫీజు ఉండదు, వసూలు చేయకూడదు కూడా. యూనిఫాం, లాప్‌టాప్ డిపాజిట్, ట్రిప్పులు, ఏటా పంపే ‘స్వచ్ఛంద విరాళం’ ఉత్తరం మాత్రం ఉంటాయి. విరాళం ఇవ్వకపోయినా సీటు పోదు. కానీ ఈ సంగతి ఉత్తరంలో స్పష్టంగా రాయని చోట, రెండు ఉద్యోగాలు చేసే తల్లి దాన్ని ఫీజే అనుకుని దరఖాస్తు మానుకుంటుంది. ‘తల్లిదండ్రులు ఏడాదికి ఇన్ని గంటలు స్వచ్ఛంద సేవ చేయాలి’ అన్న షరతూ అలాంటిదే. ప్రవేశానికి దాన్ని షరతుగా పెట్టడానికి వీల్లేదని కాలిఫోర్నియా 2017లో చట్టం చేసింది.

అనుమతి ఎవరిస్తారు? ఎంతకాలానికి?

ఆథరైజర్ అనే సంస్థ ఇస్తుంది. రాష్ట్రాన్ని బట్టి అది స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) కావచ్చు, రాష్ట్ర విద్యా బోర్డు కావచ్చు, యూనివర్సిటీ కావచ్చు. న్యూయార్క్‌లో ఒకసారికి గరిష్ఠంగా 5 ఏళ్లు, అరిజోనాలో 15 ఏళ్లు. పేద పిల్లల ప్రవేశాల మీద ఎవరైనా స్కూలును నిజంగా నిలదీయగలిగే సమయం ఈ రెన్యువల్ ఒక్కటే. అందుకే ఆ తేదీ తెలుసుకుని పెట్టుకోండి.

ఎంట్రన్స్ టెస్ట్ పెట్టి మంచి మార్కులొచ్చిన వాళ్లనే తీసుకుంటారట కదా?

మామూలు ఛార్టర్ స్కూలు అలా చేయకూడదు. చేరిన తర్వాత ఏ స్థాయి లెక్కలు చెప్పాలో చూడటానికి పరీక్ష పెట్టుకోవచ్చు. దాన్ని చేర్చుకోవడానికి ముందే పెడితే అది వడపోతే. వ్యాసం రాయించడం, పిల్లవాడితో ఇంటర్వ్యూ, పాత మార్కుల జాబితా అడగడం కూడా అంతే. ఇలా పిల్లల్ని దూరం పెట్టే నియమాలు కాలిఫోర్నియాలో 253 ఛార్టర్ స్కూళ్లలో ఉన్నాయని 2016లో పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ నివేదిక బయటపెట్టింది. చేర్చుకోకముందు పిల్లల రికార్డులు అడగకూడదని ఆ రాష్ట్రం 2019లో చట్టంలో రాసింది. టెక్సస్‌లో ఒక మినహాయింపుంది: క్రమశిక్షణ కేసులున్న విద్యార్థిని తీసుకోబోమని స్కూలు తన ఛార్టర్‌లో రాసుకోవచ్చు. ఇది పేద పిల్లల్నే ఎక్కువగా దెబ్బతీసే నిబంధన అని మా అభిప్రాయం.

## దరఖాస్తు దగ్గర

మేం హెచ్‌1బీ మీద ఉన్నాం, పాపకి హెచ్‌4. వీసా కాగితాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్ అడిగితే ఇవ్వాలా?

అక్కర్లేదు. వలస హోదాను బట్టి పిల్లలకు ప్రభుత్వ బడి చదువు నిరాకరించకూడదని 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఛార్టర్ స్కూలుకూ అది వర్తిస్తుంది. స్కూలు అడగదగినవి మూడే: వయసు రుజువు, నివాస రుజువు, టీకాల రికార్డు. వయసుకు భారతీయ జనన ధ్రువపత్రమో పాస్‌పోర్టో సరిపోతుంది. మన జనన ధ్రువపత్రంలో పిల్ల పేరు లేకుండా తల్లిదండ్రుల పేర్లే ఉంటే చిక్కు వస్తుంది, అప్పుడు పాస్‌పోర్టే మేలు. టీకాల కార్డు ఇండియాదైతే, ఆ వివరాలను ఇక్కడి పిల్లల డాక్టరు చేత స్థానిక ఫారంలోకి ఎక్కించండి. సీటు వచ్చాక ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే.

దరఖాస్తు ఎప్పుడు చేయాలి?

ఆగస్టులో మొదలయ్యే చదువుకు అంతకుముందు చలికాలంలోనే చేయాలి. చాలా నగరాల్లో నవంబరు, డిసెంబరుల్లో తెరిచి ఫిబ్రవరి, మార్చి నాటికి మూసేస్తారు. న్యూయార్క్‌లో ఏప్రిల్ 1 దాకా ఉంటుంది. ముందు చేసినవారికి లాటరీలో ఎక్కువ అవకాశమేమీ ఉండదు, గడువు లోపు చేస్తే చాలు. వేసవిలో ఇల్లు మారే కుటుంబాలు మాత్రం నష్టపోతాయి. ఏటా ఇల్లు మారాల్సి వచ్చేది అద్దె కట్టలేనివారికే కదా. గడువే ఒక వడపోత అని స్కూలు నడిపేవాళ్లు గుర్తించాలి.

ఇంట్లో మాట్లాడే భాష దగ్గర ‘తెలుగు’ అని రాస్తే పాపని వెనుకబడిన క్లాసులో వేస్తారా?

ఈ భయంతోనే చాలామంది ‘ఇంగ్లిష్’ అని రాసేస్తారు. అలా రాయకండి. ఆ ఫారం లాటరీ అయ్యాక, చేరేటప్పుడు నింపేది. సీటుతో దానికి సంబంధం లేదు. తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ ఎంత వచ్చో చిన్న పరీక్ష పెడతారు. బాగా వస్తే అక్కడితో అయిపోతుంది. రాకపోతే అదనపు బోధన ఇవ్వడం స్కూలు బాధ్యత, 1974 నాటి లావ్ వర్సెస్ నికల్స్ తీర్పు నుంచీ అది పిల్లల హక్కు. విద్యా సంవత్సరం మొదలైన 30 రోజుల్లో మీకు రాతపూర్వకంగా తెలపాలి. ఆ క్లాసులు వద్దనుకుంటే మానుకోవచ్చు, ఏటా జరిగే భాషా పరీక్ష మాత్రం రాయాల్సిందే. మీరు అబద్ధం రాస్తే మీ పాపకు సాయం అందదు, పైగా ఆ స్కూల్లో ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లల లెక్క తగ్గి, దానికి తగిన టీచర్లూ తగ్గుతారు.

బాబుకి ఐఈపీ (వైకల్యం ఉన్న పిల్లలకు స్కూలు రాసే ప్రత్యేక బోధన ప్రణాళిక) ఉంది. దరఖాస్తులో చెప్పాలా, దాచాలా?

దరఖాస్తులో చెప్పాల్సిన పని లేదు, స్కూలు అడగకూడదు. వైకల్యం ఉన్న పిల్లలకు అదనపు అవకాశమిచ్చే లాటరీ అయితే మాత్రం, మీకు ఇష్టమైతే తెలపవచ్చు. సీటు ఖాయమయ్యాక వెంటనే కాపీ ఇవ్వండి. అదే రాష్ట్రంలో ఏడాది మధ్యలో మారితే, కొత్త ఐఈపీ రాసేదాకా పాతదానికి సమానమైన సేవలు ఇవ్వాల్సిందే. ఇండియా నుంచి కొత్తగా వచ్చి, అక్కడి డాక్టరు రిపోర్టు మాత్రమే ఉంటే, మూల్యాంకనం చేయమని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే గడువు లెక్కలోకి రాదు. మీరు సమ్మతి సంతకం చేసినప్పటి నుంచి ఫెడరల్ గడువు 60 రోజులు, రాష్ట్రం సొంత గడువు పెట్టుకుంటే అది.

ఉద్యోగం పోయి బంధువుల ఇంట్లో సర్దుకుంటున్నాం. లీజు కాగితం లేదు. దరఖాస్తు చేయొచ్చా?

చేయొచ్చు. డబ్బు ఇబ్బందితో ఇంకొకరి ఇంట్లో తలదాచుకునే పిల్లల్ని మెకిన్నీ–వెంటో చట్టం ఇల్లు లేనివారిగానే చూస్తుంది. నివాస రుజువు, టీకాల రికార్డు చేతిలో లేవని ఆపకూడదు. గడువు దాటిందన్న అడ్డంకినీ తొలగించాలి. అయితే స్కూలు నిండిపోతే లేని సీటును ఈ చట్టం సృష్టించదు. ప్రతి డిస్ట్రిక్ట్‌లోనూ ఇలాంటి కుటుంబాలకోసం ఒక అధికారి ఉంటారు. స్కూలు ఫ్రంట్ ఆఫీసులో వాదన పెట్టుకునేకంటే నేరుగా ఆ అధికారికి ఫోన్ చేయడం మంచిది.

## లాటరీ

లాటరీలో అందరికీ సమాన అవకాశమేనా?

కాదు. ఇప్పటికే చదువుతున్నవారికి మళ్లీ లాటరీ ఉండదు. తర్వాత వాళ్ల తోబుట్టువులు, కొన్నిచోట్ల సిబ్బంది పిల్లలు, ఆ డిస్ట్రిక్ట్‌లో ఉండేవాళ్లు వరసగా వస్తారు. కిండర్‌గార్టెన్‌లో 60 సీట్లకు 300 దరఖాస్తులు వచ్చాయనుకోండి. పైకి 20 శాతం అవకాశంలా కనిపిస్తుంది. అందులో 22 మంది తోబుట్టువులు, 4గురు సిబ్బంది పిల్లలు ముందే చేరితే మిగిలేవి 34 సీట్లు, పోటీలో 274 మంది. అవకాశం సుమారు 12 శాతం. తొలి ఏళ్లలో సమాచారం అందుకుని చేరిన కుటుంబాలు ఎలాంటివైతే, తోబుట్టువుల ప్రాధాన్యం వల్ల పదేళ్ల తర్వాతా స్కూలు అలాగే ఉంటుంది. తోబుట్టువులు ఒకే బడిలో ఉండటం పేద తల్లికీ అవసరమే, కాబట్టి దాన్ని తీసేయమనలేం. అందుకే మొదటి ఏడాది ప్రచారం ఎక్కడ చేశారన్నది అంత ముఖ్యం.

వెయిటెడ్ లాటరీ అంటే ఏమిటి? నిజంగా తేడా వస్తుందా?

పేద పిల్లలు, ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లల పేరు డ్రాలో ఒకటికంటే ఎక్కువసార్లు వేయడం. రాష్ట్ర చట్టం అడ్డుపడకపోతే ఫెడరల్ గ్రాంటు తీసుకునే స్కూలు కూడా ఇలా చేయవచ్చని 2015 నాటి ఫెడరల్ విద్యాచట్టం చెప్పింది.

లెక్క చూడండి. 40 సీట్లు, 100 దరఖాస్తులు, అందులో 20 పేద పిల్లలవి. మామూలు లాటరీలో సగటున 8 మందికి సీటొస్తుంది. పేరు రెండుసార్లు వేస్తే సుమారు 12 మందికి. పేద పిల్లల దరఖాస్తులు 10 మాత్రమే వస్తే? మామూలుగా 4గురు, రెండుసార్లు వేస్తే 6గురు. 16 సీట్లు విడిగా కేటాయించినా దరఖాస్తు చేసింది 10 మందే కాబట్టి 6 సీట్లు మళ్లీ మిగతావాళ్లకే పోతాయి. దరఖాస్తుల దగ్గరే పేద పిల్లలు లేకపోతే ఏ సూత్రమూ వాళ్లను బడిలోకి తేలేదు.

శాన్ డియేగోలోని హై టెక్ హై అనే స్కూలు జిప్ కోడ్‌ను (మన పిన్ కోడ్ లాంటిది) లెక్కలోకి తీసుకుని లాటరీ తీస్తుంది. రోడ్ ఐలండ్‌లోని బ్లాక్‌స్టోన్ వ్యాలీ ప్రెప్ రెండు పేద పట్టణాల నుంచీ రెండు శివారు పట్టణాల నుంచీ పిల్లల్ని కలిపి తీసుకుంటుంది.

మన దేశంలో విద్యాహక్కు చట్టం ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం సీట్లు తప్పనిసరి చేసింది కదా, ఇక్కడ అలా ఎందుకు చేయరు?

అక్కడ సెక్షన్ 12(1)(సి) వాటాను నిర్ణయించింది. ఇక్కడ ఎక్కువచోట్ల అదనపు అవకాశం ‘ఇవ్వవచ్చు’ అనే ఉంది, ‘ఇవ్వాలి’ అని లేదు. జాతిని బట్టి కేటాయించడం రాజ్యాంగపరంగా కుదరదు కాబట్టి ఆదాయాన్నే కొలమానంగా తీసుకోవాలి. ఆదాయాన్ని రుజువు చేయడమూ చిక్కే. ఇదివరకు మధ్యాహ్న భోజనం ఫారం చూసేవాళ్లు: పేదరిక రేఖకు 130 శాతం లోపైతే ఉచితం, 185 శాతం లోపైతే తగ్గింపు ధర. ఇప్పుడు పేద ప్రాంతాల్లో చాలా స్కూళ్లు ఫారం లేకుండా అందరికీ ఉచితంగా పెడుతున్నాయి. పిల్లల కడుపు నిండటం మంచిదే గానీ, రుజువు చేసే కాగితం లేకుండా పోయింది. స్నాప్ (ఆహార సాయం), మెడికెయిడ్ (పేదల వైద్య బీమా) జాబితాలతో ప్రభుత్వమే సరిచూసే పద్ధతి మేలు. కుటుంబాన్నే జీతం స్లిప్పులు తెమ్మంటే, చేతికి నగదు తీసుకుని పనిచేసేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

అన్ని స్కూళ్లకూ ఒకే దరఖాస్తు ఉంటుందా?

కొన్ని నగరాల్లో ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో 2012లో, వాషింగ్టన్ డీసీలో 2014లో మొదలైంది, డెన్వర్‌లోనూ ఉంది. డీసీలో 12 స్కూళ్ల దాకా వరసగా రాయవచ్చు. మీకు నిజంగా ఇష్టమైన క్రమంలోనే రాయండి. ‘అది ఎలాగూ రాదు’ అని మంచి స్కూలును కిందికి నెట్టినందువల్ల ఏ లాభమూ లేదు. మొదటిది రాకపోతే రెండోదాంట్లో అవకాశం తగ్గకుండా ఉండేలా ఈ లెక్క కట్టారు. ఒకే ఫారం లేని చోట పది స్కూళ్లకు పది వెబ్‌సైట్లు, పది గడువులు. తీరిక, ఇంటర్నెట్, ఇంగ్లిష్ ఉన్న ఇంటికే అవన్నీ సాధ్యం. టెక్సస్‌లో ఫారం నమూనా ఒక్కటే అయినా, ఏ స్కూలుకు ఆ స్కూలుకు విడిగా పంపాలి.

వెయిట్‌లిస్ట్‌లో 140వ నంబరు. ఆశ పెట్టుకోవచ్చా?

నిరుడు ఏ నంబరు దాకా పిలిచారో స్కూలును అడగండి, ఆ సంఖ్యే అసలు జవాబు. ఒకే పిల్ల పేరు ఐదారు జాబితాల్లో ఉంటుంది కాబట్టి ఆగస్టులో జాబితా వేగంగా కదులుతుంది. అప్పుడు 24 నుంచి 48 గంటల్లో జవాబు చెప్పమని ఫోనో మెసేజో వస్తుంది. మీ ఫోన్ నంబరు మారి ఉంటే సీటు పోయినట్టే. చాలాచోట్ల జాబితా ఏటా రద్దవుతుంది, మళ్లీ దరఖాస్తు చేయాలి.

## చేరాక

బస్సు ఉంటుందా?

ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంది. పెన్సిల్వేనియాలో డిస్ట్రిక్ట్ సరిహద్దు నుంచి 10 మైళ్ల లోపు ఛార్టర్ స్కూలుకు డిస్ట్రిక్టే బస్సు నడపాలి. అరిజోనాలో స్కూలుకు ఆ బాధ్యత లేదు. కారు లేని ఇంటికి బస్సు లేని సీటు ఉన్నా లేనట్టే. ‘అందరికీ తలుపులు తెరిచాం’ అనే స్కూలును బస్సు ఎన్ని గంటలకు, ఏ వీధిలో ఆగుతుందో అడగండి.

‘మీ బాబుకి ఈ బడి సరిపోదు, వేరేది చూసుకోండి’ అంటున్నారు. ఏం చేయాలి?

టీసీ లాంటిది ఏదీ సంతకం చేయకండి. ఆ మాట ఎవరు, ఏ రోజు అన్నారో వెంటనే ఈమెయిల్‌లో రాసి, ‘నాకు అర్థమైంది ఇదేనా?’ అని వాళ్లకే పంపండి. అంతటితో చాలామంది వెనక్కి తగ్గుతారు. ఐఈపీ లేదా 504 ప్లాన్ (వైకల్యం ఉన్న పిల్లలకు బడిలో చేసే సర్దుబాట్ల పత్రం) ఉన్న పిల్లవాణ్ని 10 బడి రోజులకు మించి బయటికి పంపి, అది చోటు మార్పు (అతని చదువు ఏర్పాటునే మార్చడం) కిందికి వస్తే, ఆ ప్రవర్తన వైకల్యం వల్ల వచ్చిందా అన్నది సమావేశం పెట్టి తేల్చాలి. ‘ఈరోజు ముందే తీసుకెళ్లండి’ అని మధ్యాహ్నం చేసే ఫోన్లు కూడా బయటికి పంపినట్టే లెక్క. తేదీలు రాసి పెట్టుకోండి. న్యూ ఆర్లీన్స్‌లో వైకల్యం ఉన్న పిల్లల తరఫున 2010లో కేసు వేస్తే, 2015లో కోర్టు పర్యవేక్షణతో ఒప్పందం కుదిరింది.

ఈ మాటలు ఎప్పుడు వస్తున్నాయో కూడా గమనించండి. మిషిగన్‌లో అక్టోబరు, ఫిబ్రవరి నెలల్లో ఒక్కో రోజు హాజరును బట్టి నిధులిస్తారు, అందులో 90 శాతం బరువు అక్టోబరుదే. ఆ రోజు దాటాక పిల్లవాడు వెళ్లిపోయినా డబ్బు చాలావరకు స్కూలు దగ్గరే ఉంటుంది.

మధ్యలో ఎవరైనా మానేస్తే ఆ సీటు వేరొకరికి ఇస్తారా?

అది స్కూలు విధానాన్ని బట్టి ఉంటుంది. నింపని స్కూలు లెక్క ఇలా ఉంటుంది: 6వ తరగతిలో 100 మంది, ఏటా 8 శాతం వెళ్లిపోతే 12వ తరగతికి మిగిలేది సుమారు 60 మంది. ఆ 60 మందిలో అందరూ పాసైతే ‘100 శాతం ఫలితాలు’ అని బ్యానర్ కడతారు. ఇల్లు మారుతూ ఉండే పేద పిల్లలు ఆ 40 ఖాళీల్లో చేరగలిగేవాళ్లు. మసాచుసెట్స్‌లో స్కూలు నడిపే తరగతుల్లో మొదటి సగంలో వచ్చిన ఖాళీలను ఫిబ్రవరి 15 దాకా నింపాలని నియమం పెట్టారు.

## స్కూలు పెరుగుతున్నప్పుడు

విస్తరణ అంటే కొత్త స్కూలు పెట్టడమేనా?

మూడు విధాలు. ఉన్న చోటే సీట్లు పెంచడం, ఏటా ఒక తరగతి చేర్చుకుంటూ పోవడం, అదే నమూనాలో ఇంకో క్యాంపస్ తెరవడం. మూడింటికీ సాధారణంగా ఆథరైజర్ దగ్గర ఛార్టర్ సవరణ కావాలి. బాగా నడుస్తున్న స్కూళ్ల విస్తరణకు 1994లో మొదలైన ఫెడరల్ ఛార్టర్ స్కూల్స్ ప్రోగ్రాం గ్రాంట్లిస్తుంది; 2019 నుంచి 2024 దాకా దానికి ఏటా 44 కోట్ల డాలర్లు కేటాయించారు. గ్రాంటు మొదలుపెట్టడానికి పనికొస్తుంది, ఏళ్ల తరబడి అద్దె కట్టడానికి కాదు. విస్తరణ ఎక్కువగా తట్టుకు పడేది భవనం దగ్గరే: పని పూర్తికాక తెరవడం వాయిదా పడితే, పాత బడి వదులుకున్న పిల్లలు ఎటూ కాకుండా పోతారు.

కొన్ని రాష్ట్రాలు ఛార్టర్ స్కూళ్ల సంఖ్యకు పరిమితి ఎందుకు పెడతాయి?

పిల్లవాడితో పాటు డబ్బు వెళ్తుంది గానీ, డిస్ట్రిక్ట్‌కు బస్సులు, భవనాలు, పెన్షన్ల ఖర్చు అంతే మిగులుతుంది. ప్రతి క్లాసు నుంచీ ఇద్దరు వెళ్లినంత మాత్రాన ఒక టీచరును తగ్గించలేం. మసాచుసెట్స్‌లో ఏటా 12 స్కూళ్లు అదనంగా అనుమతించాలా అని 2016లో ఓటింగ్ పెడితే దాదాపు 62 శాతం వద్దన్నారు. న్యూయార్క్ 2010లో పరిమితిని 200 నుంచి 460కి పెంచుతూ ఒక షరతు పెట్టింది: పేద పిల్లలు, ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్ల విషయంలో చేర్చుకోవడానికీ నిలబెట్టుకోవడానికీ లక్ష్యాలు చేరుకోవాలి. సీట్లు పెంచాలంటే ఈ పిల్లల్ని తీసుకోవాలి అని ముడిపెట్టడం సరైన పద్ధతి అని మేం గట్టిగా నమ్ముతాం. అందులోనూ నిలబెట్టుకోవడం అన్న మాట చాలా విలువైనది.

విస్తరణ మీద పబ్లిక్ హియరింగ్‌కి (జనాభిప్రాయం వినే సమావేశానికి) వెళ్తున్నాం. ఏం అడగాలి?

మాట్లాడటానికి సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఇస్తారు. అంకెలు అడగండి, రాతపూర్వకంగా ఇవ్వమనండి. గత మూడేళ్లలో ప్రవేశ తరగతిలో ఎంతమంది చేరారు, అదే పిల్లలు ఎంతమంది మిగిలారు? ఏడాది మధ్యలో వెళ్లినవారిలో ఐఈపీ ఉన్నవాళ్లెందరు? తోబుట్టువులకు పోయిన సీట్లెన్ని? దరఖాస్తులు ఏ జిప్ కోడ్‌ల నుంచి వచ్చాయి? కొత్త క్యాంపస్ ఎక్కడ, అక్కడికి సిటీ బస్సు ఉందా? బడి మొదలైన రోజునే ప్రత్యేక విద్య టీచరు ఉంటారా, ‘పిల్లలు వచ్చాక చూస్తాం’ అంటారా? ఈ చివరిదానికి వచ్చే జవాబును బట్టి వాళ్లు ఎవరి కోసం సిద్ధపడుతున్నారో తెలిసిపోతుంది.

పేద పిల్లల శాతం డిస్ట్రిక్ట్‌తో సమానంగానే ఉందని చూపిస్తున్నారు. అది చాలదా?

ఆ ఒక్క అంకె చాలదు. ఉచిత భోజనం, తగ్గింపు ధర రెండూ కలిపి చూపిస్తే తీవ్రమైన పేదరికం కనిపించదు, విడివిడిగా అడగండి. వైకల్యంలోనూ అంతే: ఉచ్చారణ సమస్య ఉన్న పిల్లవాడూ, రోజంతా సహాయకులు కావలసిన పిల్లవాడూ లెక్కలో ఒక్కటే. 2009–10లో మామూలు ప్రభుత్వ బడుల్లో 11 శాతం, ఛార్టర్లలో 8 శాతం మంది వైకల్యం ఉన్నవాళ్లని జీఏఓ (అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే సంస్థ) తేల్చింది. ఏ రకం వైకల్యమో చూస్తేనే ఆ తేడా అసలు లోతు తెలుస్తుంది. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల శాతం తక్కువగా ఉంటే, తీసుకోకపోవడం వల్లా, తీసుకుని త్వరగా నేర్పించి ఆ జాబితా నుంచి బయటికి తేవడం వల్లా అని అడగాలి. రెండోదైతే ఆ స్కూలుకు చేతులెత్తి మొక్కవచ్చు.

## అన్యాయం జరిగితే

ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ముందు స్కూలు బోర్డుకు, తర్వాత ఆథరైజర్‌కు, రెండూ రాతపూర్వకంగా. ప్రత్యేక విద్య విషయమైతే రాష్ట్ర విద్యాశాఖకు ఏడాది లోపు ఫిర్యాదు ఇవ్వవచ్చు, వాళ్లు 60 రోజుల్లో తేల్చాలి, లాయరు అక్కర్లేదు. జాతి, భాష, వైకల్యం కారణంగా వివక్ష జరిగితే ఫెడరల్ విద్యాశాఖలోని సివిల్ రైట్స్ ఆఫీసుకు 180 రోజుల లోపు పంపాలి. 2025 మార్చిలో దాని 12 ప్రాంతీయ కార్యాలయాల్లో 7 మూసేశారు కాబట్టి దానిమీదే ఆధారపడకండి, రాష్ట్ర మార్గాన్నీ పట్టుకోండి. స్కూలుతో సమావేశంలో తెలుగు దుభాషి కావాలంటే ముందే అడగండి. ఇంగ్లిష్ అంతగా రాని తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో చెప్పడం స్కూలు బాధ్యత, దానికి డబ్బు తీసుకోకూడదు, పిల్లల చేత అనువాదం చేయించకూడదు.